‘మన’ అనే మాటలో వాళ్ళకీ చోటివ్వండి: అమెరికా తెలుగు సంఘాల పెద్దలకు బహిరంగ లేఖ

అమెరికాలోని తెలుగు సంఘాల అధ్యక్షులకు, కార్యవర్గ సభ్యులకు, మహాసభల కమిటీల్లో పనిచేసే పెద్దలకు నమస్కారం.

మాది తెనాలి. న్యూజెర్సీకి వచ్చి ఇరవై ఏడేళ్ళయింది. మీలో చాలామంది ఇళ్ళలో భోంచేశాను. మీ పిల్లల అన్నప్రాసనలకి వచ్చాను, ఓణీల ఫంక్షన్లకి వచ్చాను, ఇప్పుడు వాళ్ళ పెళ్ళిళ్ళకీ వస్తున్నాను. మహాసభల్లో భోజనాల కమిటీలో రెండుసార్లు పనిచేశాను. బయటి మనిషెవరో రాసిన ఉత్తరంలా దీన్ని చదవొద్దని ఇదంతా చెప్తున్నాను. మా అబ్బాయి గే. పెళ్ళయి నాలుగేళ్ళయింది. మా అల్లుడు వరంగల్ కుర్రాడు. ఎం.ఎస్. చదువుకోవడానికి వచ్చి ఇక్కడే ఉద్యోగంలో చేరాడు.

మీ దగ్గరికి ఒక విన్నపంతో వచ్చాను. ఇలాంటి పిల్లల కోసం కోర్టుల్లో ఏళ్ళ తరబడి పోరాడినవాళ్ళని వచ్చే మహాసభల్లో ప్రధాన వేదిక మీద సన్మానించండి. ఈ ఆలోచన నాకు కూర్చుంటే వచ్చింది కాదు. ఒక యూదుల ప్రార్థనా మందిరంలో, చేతిలో రొట్టె ముక్కతో నిలబడి ఉన్నప్పుడు వచ్చింది. ఆ సంగతంతా ముందు చెప్పాలి.

న్యూయార్క్‌లో 30వ వీధిలో ఒక సినగాగ్ ఉంది. పేరు బేత్ సిమ్‌ఖాత్ తోరా. గే, లెస్బియన్ యూదులు తమ కోసం కట్టుకున్న సమాజం అది. 1973లో మొదలైంది. అప్పట్లో వాళ్ళకి సొంత గది కూడా లేదు. చెల్సీలో హోలీ అపోసల్స్ అనే చర్చి చోటిస్తే, అక్కడ శుక్రవారం రాత్రి కొద్దిమంది మగవాళ్ళు చేరి ప్రార్థన చేసుకున్నారు. పత్రికలో చిన్న ప్రకటన వేసి వాళ్ళని ఒకచోటికి చేర్చిన జేకబ్ గబ్బే భారతదేశం నుంచి వచ్చిన యూదుడు. ఈ సంగతి తెలిసినప్పుడు నాకు ఒళ్ళు పులకరించింది. దేశంకాని దేశంలో, తన మతంవాళ్ళలోనే చోటు దొరకని మనిషి, అందరికీ చోటు వెతికాడు.

యూదులు మనకి మరీ కొత్తవాళ్ళు కూడా కాదు. గుంటూరు జిల్లాలో చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో బెనె ఎఫ్రాయిం అనే యూదు కుటుంబాలున్నాయి. వాళ్ళు ఇంట్లో మాట్లాడేది తెలుగే. మా ఊరికి అంత దగ్గరలో వాళ్ళున్నారని అమెరికా వచ్చాకే నాకు తెలిసింది.

ఆ సినగాగ్‌కి మా అబ్బాయి ఫ్రెండ్ ఒకతను వెళ్తాడు. ఒక శుక్రవారం సాయంత్రం మమ్మల్ని కూడా రమ్మన్నాడు. వాళ్ళకి శుక్రవారం సూర్యాస్తమయంతో షబ్బత్, అంటే వారంవారం వచ్చే పవిత్రమైన విశ్రాంతి దినం, మొదలవుతుంది. పాటలు పాడారు. నాకు హీబ్రూ ఒక్క ముక్క రాదు, అయినా చేతులు వాటంతటవే తాళం వేశాయి. చివర్లో చనిపోయినవాళ్ళ పేర్లు చదివారు. ఆ వారంలో ఎవరి తిథి వస్తే వాళ్ళ పేరు చదువుతారట, ఎన్నేళ్ళు గడిచినా. ఎయిడ్స్ రోజుల్లో ఆ సమాజం ఎంతోమంది కుర్రాళ్ళని పోగొట్టుకుంది. సొంత ఇంటివాళ్ళు కర్మకాండలకి కూడా రాని పిల్లల పేర్లు ఇక్కడ ఏటా ఎవరో ఒకరు గుర్తుపెట్టుకుని చదువుతున్నారు. నా పక్కన కూర్చున్న మా అల్లుడు కళ్ళు తుడుచుకోవడం చూశాను.

ప్రార్థన అయ్యాక ద్రాక్షరసం, రొట్టె పంచారు. ఎనభై ఏళ్ళు దాటిన ఒకావిడ నా పక్కకొచ్చి, వీళ్ళిద్దరూ మీ పిల్లలా అని అడిగింది. అవునన్నాను. పెళ్ళి సర్టిఫికెట్ ఉందా అంది. ఉందన్నాను. “అయితే మా ఈడీకి, మా రాబీకి థ్యాంక్స్ చెప్పుకోండి” అని నా చెయ్యి నొక్కింది.

ఇంగ్లీషులో ఆవిడ అన్నది ‘అవర్’ అని. తెలుగులో అదే మాటకి రెండు మాటలున్నాయి కదా, ‘మా’ అని, ‘మన’ అని. మా ఈడీ అంటే వాళ్ళ మనిషి. మన ఈడీ అంటే ఎదుటివాళ్ళకీ అందులో వాటా ఉంది. ఆవిడ ఏ అర్థంలో అందోనని ఇంటికొచ్చే దారంతా ఆలోచించాను. చెయ్యి పట్టుకున్న తీరు చూస్తే ‘మన’ అనే అనిపించింది.

ఈడీ అంటే ఈడీ విండ్సర్. రాబీ అంటే ఆవిడ లాయరు రాబర్టా కాప్లన్. ఇద్దరూ ఆ సినగాగ్ సభ్యులే.

ఈడీ గురించి మీకు తప్పకుండా చెప్పాలి, ఎందుకంటే ఆవిడ మన ఫీల్డ్ మనిషి. 1929లో ఫిలడెల్ఫియాలో రష్యా నుంచి వలస వచ్చిన యూదుల ఇంట్లో పుట్టింది. 1957లో న్యూయార్క్ యూనివర్సిటీ నుంచి గణితంలో మాస్టర్స్ చేసి ఐబీఎంలో ప్రోగ్రామర్‌గా చేరింది. పదహారేళ్ళు అక్కడ పనిచేసి సీనియర్ సిస్టమ్స్ ప్రోగ్రామర్ అయింది. ఆ రోజుల్లో ఆడవాళ్ళు ఆ స్థాయికి చేరడమే గొప్ప. కానీ ఆఫీసులో తన ఇంటి సంగతి ఒక్క మాట చెప్పుకోలేకపోయింది. 1963లో ఒక రెస్టారెంట్‌లో పరిచయమైన థియా స్పయర్ ఆవిడ జీవితం. థియా ఆమ్‌స్టర్‌డామ్‌లో పుట్టింది. నాజీలు రాకముందే ఆ కుటుంబం దేశం విడిచి బయటపడింది. థియా సైకాలజిస్ట్ అయింది. ఆఫీసుకి ఫోన్లు వస్తుంటే ఎవరని అడిగినవాళ్ళకి ఈడీ ఏం చెప్పేదో తెలుసా? థియాకి అన్న ఒకాయన ఉన్నాడని, అతనితో తిరుగుతున్నానని కథ అల్లింది. ఏళ్ళ తరబడి ఆ లేని మనిషి పేరు చెప్పి నెట్టుకొచ్చింది. 1967లో నిశ్చితార్థం చేసుకున్నప్పుడు థియా ఉంగరం ఇవ్వలేదు. వేలికి ఉంగరం కనిపిస్తే పెళ్ళికొడుకెవరని అడుగుతారు కదా. వజ్రాలు పొదిగిన గుండ్రటి బ్రోచ్ ఇచ్చింది, చొక్కాకి పెట్టుకునేది.

ఇది చదువుతున్న మీలో ఎవరి టీమ్‌లోనైనా, ఎవరి క్యూబికల్ పక్కనైనా, ఈ రోజుకీ అలా లేని గర్ల్‌ఫ్రెండ్ పేరు చెప్తున్న తెలుగు కుర్రాడు ఉన్నాడు. మా అబ్బాయి కాలేజీలో ఉన్న నాలుగేళ్ళూ నాకు ఒక అమ్మాయి పేరు చెప్పాడు. ఆ పిల్లని చూపించమని ఎన్నిసార్లు వెంటబడ్డానో తలుచుకుంటే ఇప్పటికీ బాధేస్తుంది.

1977లో థియాకి మల్టిపుల్ స్క్లెరోసిస్ అనే నరాల జబ్బు అని తేలింది. మెల్లమెల్లగా కాళ్ళు పోయాయి, చేతులు పోయాయి. ఈడీయే చూసుకుంది. 2007లో డాక్టర్లు ఇంక ఏడాది మించి బతకడం కష్టమన్నాక, ఇద్దరూ విమానమెక్కి కెనడా వెళ్ళి మే 22న టొరాంటోలో పెళ్ళి చేసుకున్నారు. నిశ్చితార్థమైన నలభై ఏళ్ళకి జరిగిన పెళ్ళి. చక్రాల కుర్చీలో ఉన్న మనిషిని విమానం ఎక్కించి తీసుకెళ్ళడానికి స్నేహితులు కూడా తోడు వెళ్ళారు. 2009 ఫిబ్రవరి 5న థియా పోయింది. ఆ దుఃఖానికి ఈడీకి గుండె దెబ్బతిని ఆస్పత్రిలో చేరింది. ఇంటికి రాగానే చేతికొచ్చిన లెక్క: ఎస్టేట్ పన్ను 3,63,053 డాలర్లు. భర్త పోతే భార్యకి, భార్య పోతే భర్తకి ఆస్తి వస్తే ఫెడరల్ పన్ను ఉండదు. కానీ 1996లో వచ్చిన డిఫెన్స్ ఆఫ్ మ్యారేజ్ యాక్ట్, అందరూ డోమా అంటారు, పెళ్ళంటే ఒక మగ, ఒక ఆడ అని మాత్రమే ఫెడరల్ ప్రభుత్వం లెక్కలో రాసుకుంది. ఆ చట్టం ముందు ఈడీ, థియా ఒకరికొకరు ఏమీ కారు.

డబ్బు ఒక్కటే కాదు ఇక్కడ. పెళ్ళయిందా లేదా అన్నదాన్ని బట్టి హక్కులో, బాధ్యతలో మారే ఫెడరల్ నిబంధనలు 1,138 ఉన్నాయని ప్రభుత్వ ఆడిట్ సంస్థే 2004లో లెక్క తేల్చింది. పెన్షన్, సోషల్ సెక్యూరిటీ, మిలిటరీ సమాధుల్లో పక్కపక్కన చోటు, వీసా. ఇన్నింటికి ఒకటే తాళం.

ఆ కేసు తీసుకోమని ఈడీ అడిగితే ముందు కొందరు వద్దన్నారు. ఇది సరైన సమయం కాదన్నారు. అప్పుడు ఒక స్నేహితుడి ద్వారా రాబర్టా కాప్లన్ గురించి తెలిసింది. ఈమె 1966లో క్లీవ్‌లాండ్‌లో యూదు కుటుంబంలో పుట్టింది. హార్వర్డ్‌లో చదివి, 1991లో కొలంబియాలో లా పూర్తి చేసింది. మన అంబేద్కర్ గారు చదివిన కొలంబియాయే. పెద్ద కార్పొరేట్ లా ఫర్మ్‌లో పార్టనర్. ఫీజు తీసుకోకుండా ఈడీ కేసు ఒప్పుకుంది.

ఈ ఇద్దరి మధ్యా ఇంకో ముడి ఉంది. 1991లో కాప్లన్ తను లెస్బియన్ అని తల్లితో చెప్పింది. ఆ రోజు న్యూయార్క్‌లో ప్రైడ్ ఊరేగింపు జరుగుతోందట. ఆ తల్లి లేచి గోడ దగ్గరికి వెళ్ళి తల బాదుకుంది. ఇది కాప్లనే స్వయంగా రాసుకుంది. ఆ కుంగుబాటులో కాప్లన్ ఒక సైకాలజిస్ట్ దగ్గరికి వెళ్ళింది. ఆ సైకాలజిస్ట్ థియా స్పయర్. నీకూ ఒక మంచి జీవితం ఉంటుంది, నేను చాలా ఏళ్ళుగా ఒక మనిషితో సుఖంగా ఉన్నాను అని తన కథ చెప్పి ధైర్యమిచ్చింది. పద్దెనిమిదేళ్ళ తర్వాత కాప్లన్ కేసు కోసం ఈడీ ఇంటికి వెళ్తే, అది అదే ఇల్లు. తను ఏడుస్తూ కూర్చున్న అదే గది.

ఇక్కడ నేను కాసేపు ఆగిపోయాను. ఆ తల్లి తల బాదుకున్న గోడ నాకు కనిపించింది. మా అబ్బాయి 2014లో చెప్పినప్పుడు నేను తల బాదుకోలేదు. మూడు వారాలు వాడితో మాట్లాడలేదు. ఏది ఎక్కువ దెబ్బో నాకు తెలుసు. కాప్లన్ తల్లిదండ్రులు తర్వాత మారారు. మనం కూడా మారతాం. కానీ ఆ మధ్యలో పిల్లల్ని ఎవరో ఒకరు పట్టుకోవాలి. ఆమెని థియా పట్టుకుంది. మా అబ్బాయిని ఎవరు పట్టుకున్నారో నేను అడగలేదు, అడిగే ధైర్యం ఇప్పటికీ లేదు.

కాప్లన్ ఒక్క కేసుతో పేరు తెచ్చుకున్న మనిషి కాదు. 2006లో న్యూయార్క్ రాష్ట్ర అత్యున్నత కోర్టులో ఇలాంటి పెళ్ళిళ్ళ కోసమే వాదించి ఓడిపోయింది. ఆ బెంచిలో భిన్నంగా తీర్పు రాసిన ప్రధాన న్యాయమూర్తి జుడిత్ కే దగ్గరే ఆమె అంతకుముందు లా క్లర్క్‌గా పనిచేసింది. ఈ రోజు కోర్టు వేసింది తప్పటడుగని రేపటి తరాలు అంటాయని ఆ న్యాయమూర్తి రాశారు. రేపటి తరాల దాకా ఆగక్కర్లేకపోయింది. 2011 జూన్‌లో న్యూయార్క్ శాసనసభే చట్టం చేసింది.

ఈడీ కేసు 2010లో వేశారు. 2012 జూన్‌లో జిల్లా కోర్టులో గెలిచారు, అక్టోబరులో అప్పీలు కోర్టులో గెలిచారు. మధ్యలో, 2011లో, ఒబామా ప్రభుత్వం ఈ చట్టాన్ని ఇక మేము సమర్థించమని చెప్పేసింది. ప్రతినిధుల సభ తరఫున వేరే లాయరుని పెట్టి వాదించారు. 2013 మార్చి 27న సుప్రీంకోర్టులో విచారణ. కాప్లన్ సుప్రీంకోర్టులో వాదించడం అదే మొదటిసారి. రాజకీయ నాయకులంతా మీ వైపే పరుగెత్తుకొస్తున్నారు కదా, మీకింక కోర్టు అవసరమేంటన్న అర్థంలో ప్రధాన న్యాయమూర్తి అడిగారు. వచ్చిన మార్పు పలుకుబడి వల్ల వచ్చింది కాదని, ఈ జంటలు తమలాంటివాళ్ళేనని జనం గ్రహించడం వల్ల వచ్చిందని ఆమె జవాబిచ్చింది. ఎనభై మూడేళ్ళ ఈడీ ఆ రోజు అదే వజ్రాల బ్రోచ్ పెట్టుకుని కోర్టుకొచ్చింది. దాచుకోవడానికి ఇచ్చిన నగ, దేశమంతా చూసింది.

జూన్ 26న 5–4 తేడాతో తీర్పొచ్చింది. డోమాలోని ఆ సెక్షన్ చెల్లదని కొట్టేశారు. సరిగ్గా రెండేళ్ళకి, 2015 జూన్ 26న, ఒబర్గెఫెల్ కేసులో దేశమంతటా ఈ పెళ్ళిళ్ళు చెల్లుతాయన్న తీర్పు కూడా వచ్చింది.

ఇప్పుడు మన సంగతి. తీర్పు వచ్చిన రెండు రోజులకే ఫ్లోరిడాలో ఒక జంటకి గ్రీన్ కార్డు పిటిషన్ ఆమోదమైంది. ఆ వెంటనే జులైలో హోంల్యాండ్ సెక్యూరిటీ నుంచి ఆదేశాలొచ్చాయి, స్వలింగ దంపతుల పిటిషన్లని మిగతా దంపతుల పిటిషన్లలాగే చూడమని. హెచ్‌-1బి వాళ్ళ భార్యకో భర్తకో ఇచ్చే హెచ్‌-4 వీసా కూడా అంతే. వీసా అంటే ఏమిటో మనకి ఒకరు చెప్పాలా? స్టాంపింగ్ టెన్షన్, ప్రయారిటీ డేట్ టెన్షన్, మనం భోజనానికి కూర్చున్నప్పుడల్లా మాట్లాడుకునేది అదే కదా. మా అల్లుడి గ్రీన్ కార్డు ఇంటర్వ్యూకి నేనే ఆల్బం సర్దాను. పెళ్ళి ఫోటోలు, సంక్రాంతికి మా వాకిట్లో ముగ్గు పక్కన ఇద్దరూ నిలబడ్డ ఫోటో, మా ఆయన ఆపరేషన్ అప్పుడు ఆస్పత్రిలో వంతులవారీగా పడుకున్న ఫోటో. ఆఫీసరు పేజీలు తిప్పి, ఈ ముగ్గు ఎవరు వేశారని అడిగాడట. మా అత్తగారు అని చెప్పాడట మా అల్లుడు. 2013కి ముందైతే ఆ ఆల్బం తెరిచే గదే లేదు. ఆ గది తలుపు తీసింది ఈడీ, కాప్లన్. ఎన్ని తెలుగు ఇళ్ళు ఆ తలుపులోంచి వెళ్ళాయో, చెప్పుకోరు కాబట్టి మనకి లెక్క తెలియదు.

కాప్లన్ అక్కడితో ఆగలేదు. మిసిసిపీలో ఇలాంటి పెళ్ళిళ్ళ మీద నిషేధాన్ని సవాలు చేసి 2014లో జిల్లా కోర్టులో గెలిచింది. అదే రాష్ట్రంలో స్వలింగ దంపతులు పిల్లల్ని దత్తత తీసుకోకూడదన్న చట్టాన్ని 2016లో ఆపించింది. 2017లో షార్లట్స్‌విల్‌లో కాగడాలు పట్టుకుని యూదులకి వ్యతిరేకంగా నినాదాలిచ్చినవాళ్ళ మీద కేసు నడిపిన లాయర్లలో ఆమె ముఖ్యురాలు. 2021 నవంబరులో జ్యూరీ వాళ్ళమీద రెండున్నర కోట్ల డాలర్లకి పైగా నష్టపరిహారం వేసింది.

ఒక సంగతి దాచకుండా చెప్పాలి. అదే 2021లో, వేధింపులకు గురైన మహిళల కోసం పనిచేసే ఒక సంస్థ అధ్యక్ష పదవికి ఆమె రాజీనామా చేయాల్సి వచ్చింది. న్యూయార్క్ గవర్నర్ మీద ఫిర్యాదు చేసిన ఒక మహిళని తక్కువ చేసి చూపించే ఉత్తరం ముసాయిదాని ఆమె చూశారని అటార్నీ జనరల్ నివేదికలో వచ్చింది. దానికి బాధపడినవాళ్ళున్నారు, వాళ్ళ బాధ న్యాయమైనదే. ఈ మచ్చ ఉందని ఆ గెలుపులు చెరిగిపోవు, ఆ గెలుపులున్నాయని ఈ మచ్చా పోదు. మనం వేదిక మీద శాలువా కప్పేటప్పుడు మనిషిని దేవతని చేసేస్తాం. అలా చెయ్యనక్కర్లేదు. చేసిన పని పేరు పెట్టి చెప్పి, దానికి దణ్ణం పెడితే చాలు.

ఆ సినగాగ్‌లో నాకు బాగా నచ్చింది ఇంకోటి ఉంది. వాళ్ళు లాయరుని గౌరవించడానికి మతాన్ని పక్కన పెట్టలేదు. వాళ్ళ పవిత్ర గ్రంథం తోరాలో న్యాయాన్ని వెంటాడమని చెప్పేచోట న్యాయం అన్న మాట వరసగా రెండుసార్లు వస్తుందట. ఎందుకు రెండుసార్లు అని వాళ్ళ పండితులు వందల ఏళ్ళుగా చర్చించుకుంటున్నారట. కోర్టులో చేసే పని వాళ్ళకి ప్రార్థనలో భాగమే. యూదులంతా దీనికి ఒప్పుకుంటారని చెప్పను. పాత ఆచారాలు కచ్చితంగా పాటించే ఆర్థొడాక్స్ వాళ్ళలో చాలామంది ఇప్పటికీ కాదంటారు. కన్జర్వేటివ్ శాఖలో 2006 దాకా దారి లేదు. అయినా షారన్ క్లైన్‌బామ్ అనే రబ్బై, అంటే యూదు మతగురువు, 1992లో ఈ సినగాగ్‌కి వచ్చి, ఎయిడ్స్‌తో పోయినవాళ్ళ అంత్యక్రియలు వరసగా చేయిస్తూ, 2024లో రిటైరయ్యేదాకా ఆ సమాజాన్ని నిలబెట్టింది. 2017 సెప్టెంబరు 12న ఈడీ పోయాక ఫిఫ్త్ ఎవెన్యూలోని పెద్ద సినగాగ్ టెంపుల్ ఎమాన్యుయెల్‌లో సంతాప సభ జరిగింది. కాప్లన్ మాట్లాడింది. హిల్లరీ క్లింటన్ కూడా మాట్లాడింది. డోమా మీద 1996లో సంతకం పెట్టింది ఆవిడ భర్తే. ఇరవై ఒక్క ఏళ్ళలో మనుషులు ఎంత దూరం నడిచి రాగలరో చూడండి. మీరు రావడానికి అంతకాలం పట్టదని నా నమ్మకం.

మన దగ్గర సన్మానించడానికి ఎవరున్నారని మీరు అడగొచ్చు. ఉన్నారు. 2018 సెప్టెంబరు 6న ఢిల్లీలో సుప్రీంకోర్టు 377వ సెక్షన్‌లో స్వలింగ సంబంధాల్ని నేరం చేసే భాగాన్ని కొట్టేసింది. ఆ కేసు వాదించిన లాయర్లలో మేనకా గురుస్వామి హైదరాబాద్‌లో పుట్టినావిడ. కొలంబియాలో అంబేద్కర్ పేరు మీద ఉన్న రీసెర్చ్ స్కాలర్‌గా పనిచేశారు కూడా. ఆవిడా, తోటి లాయరు అరుంధతి కాట్జూ తామిద్దరం జంట అని 2019లో బయటికి చెప్పారు. హైదరాబాద్‌లోనే వైజయంతి వసంత మొగ్లి ఉన్నారు. ట్రాన్స్‌జెండర్లని పుట్టుకతో నేరస్థుల్లా చూసిన నిజాం కాలపు చట్టం, 1919 నాటిది, మన పక్కనే వందేళ్ళకి పైగా బతికింది. ఆమె వేసిన పిటిషన్ మీద తెలంగాణ హైకోర్టు 2023 జులైలో దాన్ని కొట్టేసింది. పెళ్ళి హక్కు కోసం సుప్రీంకోర్టుకి వెళ్ళిన కేసుకి పేరొచ్చింది సుప్రియో చక్రవర్తి వల్ల. సుప్రియో, అభయ్ డాంగ్ ఇద్దరూ హైదరాబాద్‌లో కలిసి ఉంటున్నవాళ్ళు. 2023 అక్టోబరు 17న వాళ్ళు ఓడిపోయారు. పెళ్ళి ప్రాథమిక హక్కు కాదని కోర్టు చెప్పింది. కాప్లన్ కూడా 2006లో ఓడింది కదా. ఓడినవాళ్ళని గెలిచేదాకా ఆపకుండా పిలవాలి.

ఆ తీర్పు వల్ల, మా పిల్లలిద్దరూ శంషాబాద్‌లో విమానం దిగగానే చట్టం దృష్టిలో ఇద్దరు స్నేహితులైపోతారు. వాళ్ళలో ఒకరికి ఆస్పత్రిలో ఏదైనా అయితే సంతకం ఎవరు పెట్టాలి? దానికి భయపడే పోయిన సంక్రాంతికి నేను వాళ్ళని రావొద్దన్నాను.

రెండేళ్ళ క్రితం ఒక సంఘం వాళ్ళని అడిగాను, ఇలాంటి పిల్లలున్న తల్లిదండ్రులు కూర్చుని మాట్లాడుకోవడానికి మహాసభల్లో ఒక గంట, ఒక చిన్న రూమ్ ఇవ్వమని. పేరు చెప్పను. చెప్పి ఎవరినీ నొప్పించడం నాకిష్టం లేదు. “ఇది ఫ్యామిలీ ప్రోగ్రాం కదమ్మా, కొంచెం ఇబ్బంది” అన్నారు. నేను ఏమీ అనలేకపోయాను. భోజనాల దగ్గరికెళ్ళి గరిటె పట్టుకుని వడ్డించాను. ఆ రోజు నా దగ్గర పులిహోర పెట్టించుకున్నవాళ్ళలో ముగ్గురు తల్లులు, విడివిడిగా, ఒకరికి తెలియకుండా ఒకరు, నా చెవిలో చెప్పారు తమ పిల్లల సంగతి. ఆ ముగ్గురూ ఒకరికొకరు తెలుసు. వాళ్ళు అడిగింది ఒక గంట కూడా కాదు. నేనే ఆ రూమ్ అయ్యాను.

ఫ్యామిలీ ప్రోగ్రాం అంటే ఇంతకంటే ఫ్యామిలీ ఏముంటుంది చెప్పండి.

మీరు సినిమావాళ్ళని పిలుస్తారు, డాక్టర్లని, కవుల్ని, పెద్ద కంపెనీల అధిపతుల్ని పిలుస్తారు. మనవాడు ఇంత సాధించాడని మైకులో చెప్పినప్పుడు హాలంతా లేచి చప్పట్లు కొడుతుంది. నేనూ కొట్టాను, గర్వపడ్డాను. ఆ ‘మనవాడు’ అన్న మాట ఎంత దూరం వెళ్తుందన్నదే నా ప్రశ్న. ఎక్కడో స్టాటన్ ఐలండ్‌లో పుట్టి తెలుగు ముక్క రాని పిల్ల స్పెల్లింగ్ బీలో గెలిస్తే అంత దూరం వెళ్తుంది. మరి సుప్రీంకోర్టులో మన పిల్లల కోసం నిలబడిన మనిషి దగ్గరికి వచ్చేసరికి ఆగిపోతుంది.

వచ్చే మహాసభల్లో, ప్రారంభ సభలోనో ముగింపు సభలోనో, పక్క హాల్లో మధ్యాహ్నం రెండింటికి కాకుండా, ఒక లాయరునో పిటిషనరునో పిలవండి. వాళ్ళు ఏం కేసు వేశారో, ఎన్నేళ్ళు పట్టిందో, ఎవరికి ఏం దక్కిందో రెండు నిమిషాలు తెలుగులో చదవండి. దంపతుల్ని ఎలా పిలుస్తారో అలాగే వాళ్ళ భాగస్వామిని కూడా పేరు పెట్టి వేదిక మీదికి పిలవండి. శాలువాలు రెండు తెప్పించండి. ఇమిగ్రేషన్ లాయర్లని పెట్టి ఉచిత సలహాల స్టాల్ ఎలాగూ నడుపుతారు, అందులో ఈ జంటల పిటిషన్లు చూడగలిగిన లాయరు ఒకరుండేలా చూడండి. తల్లిదండ్రులకి ఆ రూమ్ ఇవ్వండి. బోర్డు పెట్టక్కర్లేదు, రూమ్ నంబరు చాలు. నోటిమాట మీద వస్తారు.

ఎవరైనా లేచి వెళ్ళిపోతారేమోనని, స్పాన్సర్లు వెనక్కి తగ్గుతారేమోనని మీ భయం నాకు అర్థమవుతుంది. కొందరు వెళ్ళిపోవచ్చు. 1973లో ఆ చర్చి గదిలో మొదటిసారి కూర్చున్నవాళ్ళు కూడా ఎవరైనా చూస్తారేమోనని భయపడుతూనే వచ్చి ఉంటారు.

ఈసారి రిజిస్ట్రేషన్ ఫారం పెట్టేటప్పుడు భర్త, భార్య అన్న గడుల్లో ఎవరి పేరైనా రాయనిచ్చేలా మార్చండి. పోయినసారి మా పిల్లలు ఫ్యామిలీ టికెట్ తీసుకోబోతే ఆ పేజీ ముందుకి కదల్లేదు. రెండు సింగిల్ టికెట్లు కొనుక్కుని వచ్చారు. వచ్చి రాత్రి పదకొండింటిదాకా కుర్చీలు సర్దారు. ఈసారీ వాలంటీర్ల లిస్టులో ఇద్దరి పేర్లూ ఇచ్చాను. మా అల్లుడు గుత్తి వంకాయ మూడొందల మందికి కూడా చేయగలడు, కిచెన్ కమిటీలో వేసుకోండి.

నమస్కారాలతో,
ఒక తల్లి,
న్యూజెర్సీ